గేటు దాటాక ముందు కాగితాలు, తర్వాతే బుద్ధులు

జైళ్ల శాఖలో సంక్షేమాధికారిగా చేసి రిటైరయ్యాను కాబట్టి, విడుదలై వచ్చినవాళ్ల గురించి వచ్చే ఉత్తరాలను సంపాదకులు నాకు పంపుతున్నారు. ఉపన్యాసం వద్దు, జవాబు చాలు అన్నది వాళ్ల షరతు. నాకూ అదే ఇష్టం. రాసినవాళ్ల పేర్లు, ఊళ్లు తీసేశాం.

ప్రశ్న: మావారు పద్నాలుగేళ్లకు పైగా రాజమండ్రి సెంట్రల్ జైల్లో ఉండి క్షమాభిక్ష మీద విడుదలయ్యారు. వచ్చి నాలుగు నెలలైంది. గడప దాటరు. సాయంత్రం ఐదింటికే అన్నం పెట్టమంటారు. లోపల వడ్రంగం నేర్చుకున్నారు గానీ పనికి వెళ్లమంటే రేపు, ఎల్లుండి అంటారు. ఇంటర్ చదువుతున్న మా అబ్బాయి ఆయనతో మాట్లాడడు. ఎవరి చేతైనా నాలుగు మంచి మాటలు చెప్పించమని మా అన్నయ్య అంటున్నాడు. ఏం చేయమంటారు? (ఒక గృహిణి, తూర్పు గోదావరి జిల్లా)

జవాబు: అమ్మా, ముందు ఆ ఐదింటి అన్నం సంగతి చెబుతాను. జైల్లో చీకటి పడకముందే తలకాయలు లెక్కపెట్టి బ్యారక్‌కి తాళం వేస్తారు. అందుకని రాత్రి భోజనం సాయంత్రమే వడ్డించేస్తారు. అన్నేళ్లు ఆ వేళకు తిన్న కడుపు నాలుగు నెలల్లో మారదు. పోరు పెట్టకండి. ఆయన వేళకి పెట్టేసి, మీరూ అబ్బాయీ తినేటప్పుడు ఒక గ్లాసు మజ్జిగ ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకోండి. ఇంకొకటి గమనించే ఉంటారు. మూసి ఉన్న తలుపు ముందు ఆయన కాస్త ఆగుతారు. లోపల తలుపు తీసేది ఎప్పుడూ వార్డరే, ఖైదీ తీయడు. స్నానానికి వెళ్లొచ్చా అని మిమ్మల్ని అడిగినా ఆశ్చర్యపోకండి. ఇంటి తాళంచెవి ఇంకోటి చేయించి ఆయన చేతిలో పెట్టండి. తాళం వేసి బజారుకెళ్లి, వచ్చి తీసుకునే పని రోజుకొకటైనా ఆయనకు ఉండాలి.

ఇక గడప దాటకపోవడం. ఆయన లోపలికెళ్లేనాటికి రాష్ట్రం ఒకటే. పాత ఐదు వందల నోటు చెల్లేది. రెండు వేల నోటు వచ్చిందీ పోయిందీ ఆయన చేతిలో ఆడలేదు. పెరోల్ మీద వచ్చిపోయినా అది చుట్టపుచూపే. ఇప్పుడు టీ కొట్టువాడు కూడా చిల్లర లేదు, ఫోన్‌పే చెయ్యండి అంటాడు. పక్కన పదేళ్ల పిల్లాడు టక్కున స్కాన్ చేసి వెళ్లిపోతుంటే నోటు పట్టుకుని నిలబడ్డ పెద్దమనిషికి ఎంత నామోషీగా ఉంటుందో ఆలోచించండి. ‘రేపు’ అన్న మాటలో సగం ఆ నామోషీయే.

మీ అన్నయ్య చెప్పిన నాలుగు మంచి మాటలు లోపల ఆయన చాలానే విన్నారు. వచ్చిన ప్రతి పెద్దమనిషీ చెప్పేది అవే. నిద్ర పట్టకపోయినా, తెల్లవారుజామున ఉలిక్కిపడి లేస్తున్నా మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలీమానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు. నేనైతే ఈ వారం ఆయన్ని ఊళ్లోని సచివాలయానికి, బ్యాంకుకి తిప్పుతాను. ఆధార్‌లో వేలిముద్రలు, ఫోన్ నంబరు కొత్తగా వేయించండి. అది లేనిదే మిగతావేవీ కదలవు. రేషన్ కార్డులో పేరు ఉందో లేదో చూడండి. రెండేళ్లు లావాదేవీ లేని బ్యాంకు ఖాతా స్తంభించిపోతుంది. ఆధార్, ఫొటో ఇచ్చి మళ్లీ తెరిపించుకోవచ్చు. పదేళ్లు దాటితే అందులో డబ్బు రిజర్వ్ బ్యాంకు నిధికి వెళుతుంది. అయినా అడిగితే మీ బ్యాంకు తిరిగి ఇవ్వాల్సిందే, వడ్డించేవాడు మనవాడు కానక్కర్లేదు. విడుదల పత్రం అసలుది బీరువాలో పెట్టి జిరాక్సులు వాడండి. క్షమాభిక్ష ఉత్తర్వులో షరతులు ఏం రాశారో అబ్బాయి చేత చదివించండి. ఫలానా చోట హాజరు వేయించుకోవాలని ఉంటే, పెళ్లయినా చావైనా తప్పకూడదు. షరతు తప్పితే ఆ క్షమాభిక్షను రద్దు చేసి మళ్లీ లోపలికి పంపే అధికారం ప్రభుత్వానికి ఉంది.

పని విషయం. జైలు కార్ఖానాలో చెక్క తెచ్చి ఇస్తారు, కొలత చెబుతారు, తయారైన కుర్చీని ఇంకెవరో అమ్ముతారు. బయటి వడ్రంగి బేరమాడాలి, అడ్వాన్సు అడగాలి, కలప డిపోలో అరువు పెట్టాలి, డబ్బివ్వని ఆసామి ఇంటికి నాలుగుసార్లు తిరగాలి. ఉలి పట్టినంత మాత్రాన ఇవి రావు. అందుకని అప్పు చేసి షాపు పెట్టించకండి. తెలిసిన మేస్త్రి దగ్గర రోజుకూలీగా ఒక ఆరు నెలలు చేయనివ్వండి. కూలీ తక్కువే ఇస్తాడు, పర్వాలేదు. ఈలోగా కామన్ సర్వీస్ సెంటర్లో, చేతివృత్తులవాళ్ల కోసం కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకానికి పేరు రాయించండి. 2023లో మొదలైన ఆ పథకంలో వడ్రంగం ఉంది. కొద్దిరోజుల శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయల దాకా, తర్వాత 5 శాతం వడ్డీకి మొదటి విడతగా లక్ష రూపాయల వరకు అప్పు ఇస్తారు. ఇంట్లో ప్రభుత్వోద్యోగి ఉంటే రాదు. లోపల నేర్చుకున్న పనికి సర్టిఫికెట్ ఇవ్వకపోయి ఉంటే జైలు సూపరింటెండెంటుకి ఉత్తరం రాసి తెప్పించుకోండి.

అబ్బాయిని ‘నాన్నా’ అని పిలువు, కాళ్లకు దండం పెట్టు అని ఒత్తిడి చేయకండి. రెండేళ్ల పిల్లాడిగా ఉన్నప్పుడు వెళ్లిన మనిషి వాడికి ములాఖత్ గదిలో కనిపించినవాడే. బ్యాంకు ఖాతా తెరుచుకోగానే ఆయన ఫోన్లో యూపీఐ పెట్టి నేర్పే పని వాడికి అప్పజెప్పండి. మీరు వంటింట్లో ఉండండి.

మీరు రాయని సంగతొకటి ఉంది. ఆయన వల్ల నష్టపోయిన అవతలి కుటుంబం అదే ఊళ్లో ఉందా? ఉంటే క్షమాపణ అంటూ వాళ్ల గుమ్మం తొక్కొద్దు, పెద్దమనుషుల్ని పంపొద్దు. వాళ్ల వీధిలోంచి కాకుండా చుట్టుతిరిగి వెళ్లమనండి. పని కూడా పక్క ఊళ్లో దొరికితే మరీ మంచిది.

ప్రశ్న: విజయవాడలో చిన్న టిఫిన్ హోటల్ నడుపుతున్నాను. పని అడగడానికొచ్చిన కుర్రాడు తాను రెండేళ్లు రిమాండులో ఉన్నానని, కేసు కొట్టేశారని అడక్కుండానే చెప్పాడు. దోసె బాగా వేస్తున్నాడు. మా ఆవిడ వద్దంటోంది. (ఒక హోటల్ యజమాని)

జవాబు: కేసు కొట్టేశారంటే ఆ అబ్బాయి నిర్దోషి, మీరూ నేనూ ఎంతో అంత. మన దేశంలో జైళ్లలో ఉన్నవాళ్లలో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది శిక్ష పడనివాళ్లే, విచారణ కోసం ఎదురుచూస్తున్నవాళ్లు. మీ కుర్రాడు వాళ్లలో ఒకడు. మీ ఆవిడకు అనుమానం తీరాలంటే కేసు నంబరు తీసుకుని కోర్టుల వెబ్‌సైటు ఈ-కోర్ట్స్‌లో తీర్పు చూపించండి, ఐదు నిమిషాల పని.

గల్లాపెట్టె దగ్గర మొదటి రోజే కూర్చోబెట్టమని నేను చెప్పను. ఏ కొత్త కుర్రాణ్ని కూర్చోబెట్టారు గనక? అలాగని ఎప్పటికీ కూర్చోబెట్టకపోవడం కూడా సరికాదు. హైదరాబాద్‌లో జైళ్ల శాఖ పెట్రోల్ బంకులు నడుపుతోంది. శిక్ష అనుభవిస్తున్నవాళ్లు, విడుదలైనవాళ్లు అక్కడ పెట్రోలు కొట్టి డబ్బులు తీసుకుంటారు. వాళ్లు శిక్ష పడ్డవాళ్లు, మీవాడు అది కూడా కాదు. మిగతా పనివాళ్లకు చెప్పాలా అంటే, చెప్పొద్దు. చెప్పదలిస్తే తనే చెప్పుకుంటాడు. ఎప్పుడైనా వంద రూపాయలు తగ్గితే మీ కళ్లు ముందు ఎటు తిరుగుతాయో అదే అసలు పరీక్ష, అది మీకు.

ప్రశ్న: అన్నా, నా వయసు 27. కొట్లాట కేసుల మూడేండ్ల శిక్ష పడ్డది, పోయినేడు బయటికొచ్చిన. ఊర్లె మేస్త్రీ పనికి పోతున్న. దుబాయ్ పోదామంటే ఏజెంటు కేసు సంగతి రాయకు, పాస్‌పోర్టు నేనిప్పిస్త అంటుండు. ఏం చెయ్యాలె? (జగిత్యాల జిల్లా)

జవాబు: తమ్ముడూ, ఆ ఏజెంటుకి ఒక దండం పెట్టి వచ్చెయ్. 1967 నాటి పాస్‌పోర్టు చట్టం ప్రకారం, దరఖాస్తుకు ముందు ఐదేళ్లలో నైతిక పతనం కిందికి వచ్చే నేరంలో రెండేళ్లు, ఆపైన శిక్ష పడి ఉంటే పాస్‌పోర్టు నిరాకరించవచ్చు. ఇక్కడ రెండు సంగతులు చూసుకో. కొట్లాటలన్నీ ఆ కోవలోకి రావు, తీర్పు కాపీ లాయరుకి చూపించు. రెండోది, ఐదేళ్లను శిక్ష పడ్డ తేదీ నుంచి లెక్కిస్తారు, గేటు దాటిన రోజు నుంచి కాదు. శిక్ష పడ్డాక నువ్వు లోపల ఉన్న కాలమూ అందులో కలుస్తుంది కాబట్టి చాలావరకు గడిచిపోయి ఉంటుంది. ఇంకో క్రిమినల్ కేసు కోర్టులో నడుస్తుంటే కోర్టు అనుమతి కావాలి.

దాచి పాస్‌పోర్టు తీసుకుంటే అదే కొత్త నేరం, రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. పోలీసు వెరిఫికేషన్‌కి మీ స్టేషనువాళ్లే వస్తారు, నీ మొహం వాళ్లకు తెలియనిదా? ఏజెంటు డబ్బులు తీసుకుని అప్పుడు ఫోన్ ఎత్తడు. సమయం వచ్చాక కూడా కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్‌లో రిజిస్టరైన ఏజెంటు ద్వారానో, తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారానో వెళ్లు. అప్పటిదాకా మేస్త్రీ పని వదలకు.

ప్రశ్న: జైలుకెళ్లొచ్చినవాడికి ఓటు ఉండదని మా బూత్ ఏజెంటు అంటున్నాడు. నిజమా? (నెల్లూరు)

జవాబు: అబద్ధం. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం జైల్లో ఉన్నంతకాలమే ఓటు వేయనివ్వదు. బయటికొచ్చాక వేయొచ్చు. జాబితాలో పేరు తీసేసి ఉంటే ఫారం 6 నింపండి.

ప్రశ్న: మా తమ్ముణ్ని చంపినవాడు శిక్ష పూర్తి కాకముందే బయటికొచ్చి మా వీధిలోనే తిరుగుతున్నాడు. వాడిలాంటోళ్లకు పనులిప్పించమని రాస్తారు మీరు. మా అమ్మకు ఎవరేం చేశారు? (వరంగల్)

జవాబు: మీ కోపాన్ని తగ్గించే మాట నా దగ్గర లేదు, వెతకను కూడా. అడగాల్సిన ప్రశ్నే అడిగారు. మన దగ్గర ఖైదీ విడుదల ఫైలు చాలా బల్లలు తిరుగుతుంది గానీ, బాధితుల ఇంటికి ఒక్క కాగితం కూడా రాకుండానే విడుదలలు జరిగిపోతుంటాయి. అది నాకు ఉద్యోగంలో ఉన్నప్పుడూ నచ్చలేదు.

ఆ విడుదల ఉత్తర్వు చట్టప్రకారం లేదనిపిస్తే హైకోర్టులో ప్రశ్నించవచ్చు. బిల్కిస్ బానో కేసులో గుజరాత్ ప్రభుత్వం 11 మందికి ఇచ్చిన క్షమాభిక్షను 2024 జనవరి 8న సుప్రీంకోర్టు కొట్టేసి, వాళ్లను తిరిగి జైలుకు పంపింది. అతను మీ గుమ్మం ముందు ఆగి మాట విసిరినా, సైగ చేసినా స్టేషన్లో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. విడుదల షరతుల్లో శాంతిభద్రతలకు భంగం కలిగించకూడదన్నది ఉంటే ఆ ఫిర్యాదుకు బలం వస్తుంది.

అమ్మగారికి పరిహారం అందిందా? ప్రాణం పోయిన కుటుంబానికి ప్రభుత్వమే పరిహారం ఇచ్చే పథకం ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 357ఎ సెక్షను, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 396. దరఖాస్తు చేయాల్సింది మీ కోర్టు ఆవరణలోనే ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు. చాలా ఏళ్లయిందని మీరే అనుకుని మానేయకండి, ఆ మాట వాళ్లను చెప్పనివ్వండి. తీర్పు కాపీ, ఎఫ్‌ఐఆర్ నంబరు పట్టుకెళ్లండి. దరఖాస్తు మీ పేరు మీద వద్దు, అమ్మగారి పేరుతో పెట్టించండి. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా లాయరును ఉచితంగా ఇవ్వాలి. ముందు ఫోన్లో కనుక్కోవాలంటే నంబరు 15100.