మొదటి మూట కట్టించుకునే ముందు

చిన్నీ,

నైటీలు, పిల్లల బట్టలు తెచ్చి ఇంట్లోనే అమ్ముతానన్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ సంతోషంలో ఇంకో కాఫీ తాగాను. రాత్రికి నిద్ర పట్టలేదు. నీ గొలుసు జోలికి పోలేదు కదా?

జిప్పులు, గుండీలు చూసుకోవడం నీకొకరు చెప్పక్కర్లేదు. గుడ్డను వెలుతురుకు పట్టి చూడు. తిరగేసి, కుట్టు దగ్గర రెండు చేతులా లాగు. దారాలు పళ్లికిలిస్తే పక్కన పడెయ్. గోటితో గీకితే పిండి రాలిందా, అదంతా గంజి, ఒక్క ఉతుకుకే పీలికైపోతుంది. నూలన్నారని నమ్మకు. ఒక పోగు లాగి బయటికొచ్చి కాల్చు. కాగితం కాలిన వాసనొచ్చి బూడిదైతే నూలు. కరిగి పూసలా గట్టిపడితే పాలిస్టర్. పాలిస్టర్ అమ్మడం తప్పు కాదు, నూలని చెప్పి అమ్మితేనే తప్పు.

ఇక రంగు. నన్ను ముంచింది అదే.

1994లో గంగజాతరకని మద్రాసు షావుకారుపేట నుంచి 24 ఎర్ర పావడాలు తెచ్చాను. ధర వినగానే మనసాగలేదు. రైలు టైమైపోతోందని తడిపి చూడకుండానే మూట కట్టించుకున్నాను. నాలుగు రోజుల్లో అన్నీ అమ్ముడుపోయాయి. నా అంత తెలివైనది తిరుపతిలో లేదనుకున్నాను.

జాతర నాడు మే నెల ఎండ. తాతయ్యగుంట గుడి దగ్గర మన వీధి పిల్ల తల్లి చంకలో ఉంది. పిల్ల కాళ్లు, తల్లి నడుము ఎర్రగా తడిసి ఉన్నాయి. పిల్లకేదో దెబ్బ తగిలిందని పరిగెత్తాను. దగ్గరికి పోతే, అది నేనమ్మిన పావడా. చెమటకే రంగు దిగింది. తల్లి కట్టుకున్నది పెళ్లినాటి పచ్చ పట్టుచీర. ఆమె ఒక్క మాటైనా అనలేదు. తిట్టినా బాగుండేది. మర్నాడు గొలుసు తాకట్టు పెట్టి ఇల్లిల్లూ తిరిగి డబ్బు వాపసిచ్చాను. చీరకు మాత్రం ఆమె పైసా తీసుకోలేదు. ఇప్పటికీ గోవిందరాజస్వామి గుడి దగ్గర కనబడితే నవ్వి పలకరిస్తుంది. నేనే తల దించుకుంటాను.

అందుకే చెబుతున్నా, తెల్ల కర్చీఫ్ తడిపి లోపలి మడత మీద గట్టిగా రుద్దు. ఎరుపు, నలుపు, ముదురు నీలం అయితే రెండుసార్లు. కొట్టతను విసుక్కుంటే విసుక్కోనీ. మొదటిసారి రకానికొకటే కొను. ఇంటికొచ్చి టేపుతో కొలిచి, ఉతికి, ఆరాక మళ్లీ కొలువు. ఒకటిన్నర అంగుళం కుంచించుకుపోయే నైటీ ఎవరికమ్ముతావ్, మీ అత్తకా?

ఎప్పుడు పోతావో చెప్పు, నేనూ వస్తా. మోకాళ్ల సంగతి ఎత్తొద్దు. కర్చీఫులు నా సంచిలో ఉన్నాయి.

మీ పెద్దమ్మ