బోండాం నీళ్లు ఎందుకు వద్దన్నారు?

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. గుండె పంపింగ్ తగ్గిందని ఫ్యూరోసెమైడ్, రామిప్రిల్‌లతో పాటు స్పైరనోలాక్టోన్ 25 మి.గ్రా. రాశారు. నీరు పోవడానికి రెండు రకాల మాత్రలు అవసరమా? కొబ్బరి నీళ్లు మానమన్నారు. మాది కోనసీమ, బోండాలు పెరట్లోనే ఉంటాయి. ఆయన వినడం లేదు. నిజంగా అంత ప్రమాదమా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఫ్యూరోసెమైడ్, స్పైరనోలాక్టోన్ రెండూ మూత్రాన్ని పెంచేవే అయినా, ఈ మోతాదులో స్పైరనోలాక్టోన్ ఇచ్చేది ముఖ్యంగా వాపు కోసం కాదు. గుండె బలహీనపడినప్పుడు అడ్రినల్ గ్రంథుల నుంచి ఎక్కువగా ఊరే ఆల్డోస్టెరోన్ అనే హార్మోన్ ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలవ చేయడమే కాక గుండె కండరాన్ని కూడా దెబ్బతీస్తుంది. ఈ మాత్ర దాన్ని అడ్డుకుంటుంది. తీవ్రమైన గుండె వైఫల్యం ఉన్న 1,663 మందిపై జరిపి 1999లో ప్రచురించిన 'రేల్స్' పరిశోధనలో, దీన్ని వాడినవారిలో మరణాలు 30 శాతం తగ్గాయి. కాబట్టి వాపులు తీశాయని సొంతంగా మానేయకూడదు.

చిక్కంతా పొటాషియంతోనే. ఫ్యూరోసెమైడ్ దాన్ని మూత్రంలో పోగొడితే, స్పైరనోలాక్టోన్ ఒంట్లోనే నిలుపుతుంది. పైగా రామిప్రిల్ కూడా పెంచే మందే. రక్తంలో 3.5 నుంచి 5 వరకు ఉండవలసిన పొటాషియం 5.5 దాటితే మోతాదు తగ్గించవలసి వస్తుంది. మరీ పెరిగితే ముందస్తు సూచనేదీ లేకుండానే గుండె లయ తప్పవచ్చు. గ్లాసు కొబ్బరి నీళ్లలో సుమారు అర గ్రాము పొటాషియం ఉంటుంది కనుక, రోజూ బోండాం తాగే అలవాటును డాక్టరుగారు వద్దనడం సబబే.

అయితే బోండాం కంటే నన్ను ఎక్కువ భయపెట్టేవి రెండున్నాయి. బీపీకి మంచిదని కొనే 'లో సోడియం' ఉప్పులో సోడియానికి బదులు కలిపేది పొటాషియం క్లోరైడే. మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలు కిడ్నీల పనిని తగ్గించి పొటాషియాన్ని పెంచుతాయి. ఈ రెండూ ఇంట్లోకి రానివ్వకండి.

మాత్ర మొదలుపెట్టిన వారానికి, నెలకు, ఆపైన మూడు నెలలకోసారి పొటాషియం, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్షలు చేయించండి. వాంతులో విరేచనాలో పట్టుకున్న రోజున మాత్ర యథాప్రకారం వేసేయక, వెంటనే డాక్టరుగారికి ఫోన్ చేయండి. ఇంకొక మాట, పై పరిశోధనలో మగవారిలో పదిమందిలో ఒకరికి రొమ్ములు ఉబ్బడమో నొప్పి రావడమో జరిగింది. కూతురితో చెప్పుకోలేక ఆయన మాత్రే మానేసే అవకాశం ఉంది. అలాంటి ఇబ్బంది వస్తే ఇదే పని చేసే ఎప్లెరినోన్ అనే మరో మందుకు మార్చవచ్చని ముందే ఆయన చెవిన వేయండి.