కీమో తర్వాత మంచం దిగనంటున్నారు

ప్రశ్న: మేడమ్, మాది టంగుటూరు దగ్గర పల్లె. మా ఆయన పొగాకు రైతు. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక కీమో ఇస్తున్నారు. మధ్యలో జ్వరమొస్తే నెల్లూరులో ఆసుపత్రిలో చేర్చాం. జ్వరం తగ్గింది, కానీ ఆయన మంచం దిగడం లేదు. నర్సులు నడవమంటే ఒంట్లో సత్తువ లేదంటారు. మా అత్తమ్మేమో "కీమో ఎక్కించుకున్న మనిషిని నడిపిస్తారా?" అని కసురుతుంది. ఎవరి మాట వినాలి?
- ఒక సోదరి, ప్రకాశం జిల్లా

జవాబు: నర్సుల మాటే వినండమ్మా. కానీ మీ ఆయన అబద్ధం చెప్పడం లేదు. కీమో నీరసం రాత్రంతా నిద్రపోయినా వదలదు. మామూలు అలసట పడుకుంటే తీరుతుంది కాబట్టి అత్తమ్మగారు అలా అంటున్నారు. ఇది అలా తీరేది కాదు. పడుకున్నకొద్దీ తొడల్లో కండ తగ్గిపోతుంది. అప్పుడు నాలుగడుగులకే ఆయాసమొస్తుంది, దానికి భయపడి మళ్లీ పడుకుంటారు. పైగా క్యాన్సర్ ఉన్నవాళ్లకు కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ, కదలకపోతే అది ఇంకా పెరుగుతుంది.

ఒకప్పుడు డాక్టర్లు కూడా విశ్రాంతే తీసుకోమనేవారు. 2019లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ ఆధ్వర్యంలో నిపుణులు, వారానికి 3 సార్లు 30 నిమిషాల చొప్పున వ్యాయామం చేస్తే నీరసం, దిగులు తగ్గుతాయని తేల్చారు. ఆ 30 నిమిషాల సంగతి ఇంటికెళ్లాక చూద్దాం. మొదలుపెట్టడానికి కుర్చీలో కూర్చుని అన్నం తింటే చాలు.

ఫిజియోథెరపిస్టుగా నేను వార్డుల్లో తరచూ చూసేది ఒకటి చెప్తాను. ఇంటివాళ్లు ప్రేమకొద్దీ మంచినీళ్లు కూడా నోటికందిస్తారు. అలా చేయకండి. గ్లాసు ఆయన్నే అందుకోనివ్వండి, తల ఆయన్నే దువ్వుకోనివ్వండి. "నడువు, నడువు" అని పోరితే రైతుమనిషికి చిరాకొస్తుంది. ఏదో ఒక పని చెప్పండి. వేలంలో ఈ రోజు పొగాకు ఏ ధర పలికిందో వరండా చివరికెళ్లి తమ్ముడికి ఫోన్ చేసి కనుక్కోమనండి. వచ్చాక కాసేపు కూర్చోనివ్వండి. సాయంత్రం ఇంకోసారి. నడుస్తూ మాట్లాడగలిగితే ఆ వేగం సరిపోయినట్టే.

లేచేటప్పుడు కాళ్లు కిందికి వేలాడేసి కాసేపు కూర్చుని, తల తిరగడం లేదనుకున్నాకే నిలబడాలి. పేగు క్యాన్సర్‌కు వాడే ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు వల్ల అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి, చల్లటిది తగిలితే జివ్వుమంటుంది. అందుకే ఉత్తకాళ్లతో నడవనివ్వకండి. జారే హవాయి చెప్పులు వద్దు, వెనక పట్టీ ఉన్నవి కొనండి. కడుపు మీద కోత ఉంది కాబట్టి బకెట్లు, సంచులు ఎత్తనివ్వకండి.

రోజూ నడిపించే ముందు నర్సమ్మను ఒక మాట అడగండి. ప్లేట్‌లెట్లు, హిమోగ్లోబిన్ బాగా పడిపోయినా, మళ్లీ జ్వరమొచ్చినా ఎంతవరకు కదలాలో ఆ రోజు డాక్టరే చెప్పాలి. ఛాతీలో నొప్పి, ఉన్నట్టుండి ఆయాసం, ఒక కాలికే వాపు కనిపిస్తే అక్కడే ఆపి వెంటనే పిలవండి.