భుజం మీద నుంచి పేల్చే లాంచర్లలో కౌంటర్‌మాస్ ఏం చేస్తుంది? వెనక బ్లాస్ట్ నిజంగా పోతుందా?

మీరు చూసిన వీడియోలో లాంచర్ వెనక నుంచి నీళ్ళు చిమ్మినట్టు కనబడింది నిజమే, అది ఉప్పునీళ్ళే. దానివల్ల రీకాయిల్ (పేల్చినప్పుడు ఆయుధం వెనక్కి తన్నే తన్ను) తగ్గుతుందా, గదిలోంచి పేల్చినా ఏమీ కాదా, మన దగ్గర ఇలాంటివి ఉన్నాయా అని అడిగారు. ముందు ఒక మాట: కౌంటర్‌మాస్ అంటే గుండు ముందుకి వెళ్ళేటప్పుడు గొట్టం వెనక నుంచి బయటికి విసిరే బరువు. ఇవాళ్టి లాంచర్లలో కౌంటర్‌మాస్ పెట్టేది ప్రధానంగా రీకాయిల్ కోసం కాదు. రీకాయిల్ సమస్య కౌంటర్‌మాస్ లేకుండానే ఎప్పుడో తీరిపోయింది. అసలు తలనొప్పి వెనక బ్లాస్టుతోనే, అంటే గొట్టం వెనక నుంచి దూసుకొచ్చే వేడి గ్యాస్ తాకిడితోనే.

లెక్క చూస్తే తెలుస్తుంది. కిలో బరువున్న గుండుని సెకనుకి 200 మీటర్ల వేగంతో పంపాలనుకోండి. దాని ద్రవ్యవేగం (బరువుని వేగంతో గుణిస్తే వచ్చేది) 200 యూనిట్లు. 12 బోర్ తుపాకీలో 32 గ్రాముల రవ్వలు 400 మీటర్ల వేగంతో వెళ్తే వచ్చేది 13 లోపే. అంటే భుజం మీద 12 బోర్ తన్నుకి పదిహేను రెట్లు. గొట్టం వెనక మూసేసి ఉంటే 80 కిలోల మనిషి సెకనుకి రెండున్నర మీటర్ల వేగంతో వెనక్కి పోవాలి. ఈలోపు భుజం ఎముక ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కాబట్టి ముందుకి 200 వెళ్తుంటే వెనక్కి కూడా 200 పంపాల్సిందే. ఏ రూపంలో పంపుతామన్నదే డిజైనర్ చేతిలో ఉంది.

మొదటి దారి గ్యాస్. కార్ల్ గుస్తాఫ్ ఇదే పద్ధతి. స్వీడన్ సైన్యంలోకి 1948లో వచ్చిన ఈ 84 మి.మీ. ఆయుధం మన సైన్యంలోనూ దశాబ్దాలుగా ఉంది. తిరుచిరాపల్లి ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో లైసెన్సు మీద తయారైంది. దాని కార్ట్రిడ్జ్ కేసు అడుగున గట్టి లోహం ఉండదు, ప్లాస్టిక్ బిళ్ళ ఉంటుంది. లోపలి తుపాకి మందు అంటుకుని పీడనం పెరగ్గానే బిళ్ళ పగిలి, గ్యాసులో ఎక్కువ భాగం వెనకున్న నాజిల్ (సన్నని గొంతున్న గొట్టం) గుండా బయటికి దూసుకుపోతుంది. రెండు వైపులా ద్రవ్యవేగం సరిపోయేలా నాజిల్ కొలతలు ముందే లెక్కగట్టి పెడతారు. వాడేకొద్దీ నాజిల్ గొంతు అరిగి వెడల్పైతే వెనక్కి పోయే వాటా పెరిగి, ఆయుధం ముందుకి లాగడం మొదలవుతుంది. ఇలాంటి వాటిని రీకాయిల్‌లెస్ (తన్ను లేని) గన్, పొట్టిగా ఆర్‌సీఎల్ అంటారు, అంటే అసలు కదలనిదని కాదు అర్థం. 1965 యుద్ధంలో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర మన సైనికుడు అబ్దుల్ హమీద్ జీపు మీద నుంచి పాకిస్తాన్ పాటన్ ట్యాంకుల్ని కొట్టిన 106 మి.మీ. ఆర్‌సీఎల్ కూడా ఈ నాజిల్ జాతిదే.

ఇక్కడే చిక్కు. గ్యాస్ తేలిక కాబట్టి అదే ద్రవ్యవేగం రావాలంటే విపరీతమైన వేగంతో పోవాలి. మన 200 యూనిట్లని 200 గ్రాముల గ్యాస్ మోయాలంటే దాని వేగం సెకనుకి 1000 మీటర్లు, వెనక్కి పోయే శక్తి లక్ష జౌళ్ళు. అదే 200 యూనిట్లని కిలో బరువున్న కౌంటర్‌మాస్ 200 మీటర్ల వేగంతో మోస్తే 20 వేల జౌళ్ళే. రెండు కిలోలైతే 100 మీటర్ల వేగం చాలు, 10 వేల జౌళ్ళు. ద్రవ్యవేగం మారలేదు, భుజానికి తేడా తెలియదు. వెనకున్న గోడకి, గదిలో ఉన్న చెవులకి మాత్రం తేడా భూమికీ ఆకాశానికీ ఉన్నంత. ఇవి అర్థం కావడానికి వేసిన గుండ్రటి అంకెలు, ఏ మోడల్‌వీ కావు.

నిజానికి బరువుని వెనక్కి విసరాలన్నది పాత ఆలోచనే. అమెరికా నౌకాదళ అధికారి క్లీలండ్ డేవిస్ మొదటి ప్రపంచ యుద్ధానికి ముందే రెండు తుపాకుల్ని వెన్ను కలిపినట్టు ఒక గన్ చేశాడు. ముందు నుంచి గుండు, వెనక నుంచి అంతే బరువున్న సీసం రవ్వలూ గ్రీజూ. దాన్ని విమానాల మీద అమర్చారు. ఆ రోజుల్లో బాధ రీకాయిలే. తర్వాత నాజిల్ వచ్చి బరువు మోసే అవసరం తీర్చింది. ఊళ్ళలో, ఇళ్ళ మధ్య పోరాటాలు పెరిగాక బరువు మళ్ళీ వచ్చింది, ఈసారి బ్లాస్ట్ తగ్గించడానికి.

ఈ పద్ధతిని చివరిదాకా తీసుకెళ్ళింది జర్మనీ వాళ్ళ ఆర్మ్‌బ్రుస్ట్, 67 మి.మీ. గొట్టం. మందు మధ్యలో, దానికి అటూ ఇటూ రెండు పిస్టన్లు. ముందు పిస్టన్ గుండుని తోస్తుంది, వెనక పిస్టన్ వేలకొద్దీ సన్నని ప్లాస్టిక్ రేకుల్ని తోస్తుంది. గొట్టం కొసలకి రాగానే పిస్టన్లు రెండూ ఇరుక్కుని ఆగిపోతాయి, గ్యాస్ లోపలే ఉండిపోతుంది. పొగ, మంట, చప్పుడు అన్నీ బాగా తగ్గుతాయి. రేకులు బయటికి రాగానే చెల్లాచెదురై గాలి నిరోధానికి కొద్ది మీటర్లలోనే వేగం కోల్పోతాయి. రేకుల బదులు ఒకే ముద్ద పెట్టి ఉంటే అది వెనక్కి పేల్చిన ఇంకో గుండే అయ్యేది. కౌంటర్‌మాస్ ఎప్పుడూ పొడిగానో, రేకులుగానో, ద్రవంగానో ఉండటానికి కారణం ఇదే. సింగపూర్, ఇజ్రాయెల్ కలిసి చేసిన 90 మి.మీ. మాటడార్‌లోనూ ప్లాస్టిక్ కౌంటర్‌మాసే.

ఇక మీరు చూసిన నీళ్ళు. అది స్వీడన్ వాళ్ళ ఏటీ4 సీఎస్, అంటే ఏటీ4 లాంచర్లో ఇరుకు చోట్ల నుంచి పేల్చడానికి చేసిన రకం. నీళ్ళు బరువుగా మాత్రమే కాదు, ఇంకో రకంగానూ పనికొస్తాయి: తుంపరగా విడిపోయి కొంత ఆవిరవుతూ వేడి గ్యాస్ నుంచి శక్తిని లాక్కుంటాయి, పీడన తరంగాన్ని మెత్తబరుస్తాయి. ఉప్పెందుకంటే గడ్డకట్టకుండా. గొట్టంలో నీళ్ళు గడ్డకడితే తుంపర ఉండదు, మంచు ముక్కలు వెనక్కి ఎగురుతాయి, పీడనం లెక్కా తప్పుతుంది. మామూలు ఉప్పు ఎంత కలిపినా మైనస్ 21 డిగ్రీల కంటే కిందికి ద్రవంగా ఉంచలేదు. సియాచిన్ లాంటి చోట ఉష్ణోగ్రత అంతకంటే చాలా కిందికి పోతుంది. అందుకని ద్రవ కౌంటర్‌మాస్ ఉన్న ఏ ఆయుధానికైనా ఏ ఉష్ణోగ్రత దాకా వాడొచ్చో చూడాలి. సీలు కారిందా అన్నది ఇంకా ముఖ్యం. నీళ్ళు తగ్గితే బరువు తగ్గుతుంది, సమతూకం చెడుతుంది. తడి, ఉప్పు మరక, నొక్కు కనబడిన గొట్టాన్ని పక్కన పెట్టి చెప్పాల్సిన వాళ్ళకి చెప్పాలి, పేల్చకూడదు.

దీనికి చెల్లించే మూల్యం చిన్నదేం కాదు. మామూలు ఏటీ4 గుండు గొట్టం మూతి దగ్గర సెకనుకి 290 మీటర్ల దరిదాపుల్లో వెళ్తే, సీఎస్ రకం దాదాపు 220 దగ్గరే ఆగుతుంది. బరువు పెరుగుతుంది, గుండు వేగం తగ్గడంతో దాని దారి ఎక్కువ వంగుతుంది, కదిలే లక్ష్యానికి ముందుగా గురిపెట్టే దూరం పెరుగుతుంది. బయట మైదానంలోనే పని అయితే కౌంటర్‌మాస్ రకం మోయడం దండగ అనే నా అభిప్రాయం.

గదిలోంచి పేల్చొచ్చా అంటే, అలా డిజైన్ చేసినదాన్ని, మాన్యువల్ చెప్పిన కొలతల్లోనే. గది ఎంత పెద్దది, గొట్టం వెనక గోడ ఎంత దూరం, తలుపులూ కిటికీలూ ఎన్ని తెరిచి ఉన్నాయి అన్నీ లెక్కలోకి వస్తాయి. అందరూ వెనక చూస్తారు, ముందు మర్చిపోతారు. గొట్టం మూతి గది లోపలే ఉండిపోతే ముందు వచ్చే పేలుడు తరంగం కూడా గోడల మధ్య కొట్టుకుని తిరిగి మన మీదికే వస్తుంది. వెనక దుమ్ము, గాజు, వదులుగా ఉన్న పెంకులు, కుర్చీలు అన్నీ ఎగురుతాయి. గొట్టానికి సూటిగా వెనక మనిషి ఉండకూడదన్న నియమం కౌంటర్‌మాస్ ఉన్నా మారదు, దగ్గర్లో ఆ రేకులూ నీళ్ళూ కూడా ప్రాణం తీస్తాయి. చెవులకి క్షణకాలపు శబ్దం 140 డెసిబెళ్ళు దాటకూడదంటారు. భుజం ఆయుధాలు కౌంటర్‌మాస్ ఉన్నా దాన్ని దాటేస్తాయి, చెవిలో ప్లగ్గులూ, చెవుల్ని కప్పే మఫ్‌లూ రెండూ కావాలి.

రెండు వైపులా ద్రవ్యవేగం సమానమైతే చాలదా అని కొందరు అడుగుతారు. చాలదు. సమయం కూడా కలవాలి. కౌంటర్‌మాస్ ముందే బయటపడి గుండు ఇంకా గొట్టంలోనే ఉంటే ఆ మిల్లీసెకన్లలో ఒక కుదుపు వస్తుంది. మొత్తం కలిపితే సున్నా అయినా గురి తప్పడానికి ఆ కుదుపు చాలు.

మన దగ్గర ఉన్నాయా అన్నదానికి: 2022 జనవరిలో భారత సైన్యం ఏటీ4ని ఎంచుకుందని దాన్ని తయారుచేసే సాబ్ కంపెనీ ప్రకటించింది. భుజం మీది కాకపోయినా హైదరాబాద్‌లో ప్రభుత్వ సంస్థ బీడీఎల్ (భారత్ డైనమిక్స్) లైసెన్సు మీద తయారుచేసిన మిలన్ ట్యాంకు విధ్వంసక క్షిపణి కూడా చూడండి. గ్యాస్‌తో పిస్టన్ క్షిపణిని ముందుకి తోస్తే, ఖాళీ ట్యూబు తనే లాంచర్ నుంచి ఊడి రెండు మూడు మీటర్లు వెనక్కి ఎగిరి పడుతుంది. విడిగా బరువేమీ పెట్టకుండా ట్యూబునే కౌంటర్‌మాస్ చేశారు, నాకు నచ్చిన ఏర్పాటు అది. డీఆర్‌డీఓ చేసిన ఎంపీఏటీజీఎం (మనిషి మోసుకెళ్ళగల ట్యాంకు విధ్వంసక క్షిపణి) దారి వేరు. 2019 సెప్టెంబరులో కర్నూలు రేంజిలో పరీక్షించిన క్షిపణి అదే. అందులో చిన్న ఎజెక్షన్ మోటారు క్షిపణిని నెమ్మదిగా బయటికి నెడుతుంది, పెద్ద మోటారు కాస్త దూరం వెళ్ళాక అంటుకుంటుంది. సొంత ఇంజను ఉన్న క్షిపణి కాబట్టి అది కుదిరింది. ఏటీ4 గుండుకి ఆ వెసులుబాటు లేదు, దాని వేగమంతా గొట్టంలోనే రావాలి.