వీలునామాలో నీ సగం ఇల్లు కూడా రాసేస్తే

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన వీలునామా కాపీ, ఇంటి దస్తావేజు రెండూ చదివాను. దస్తావేజులో మీ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. వీలునామాలో మాత్రం కాలం చేసిన మీ ఆయన ఇల్లు యావత్తూ మీ మరిది కొడుక్కి రాసి, నీకు బ్యాంకు డిపాజిట్లు ఇచ్చారు. ప్లీడరుగా ఇలాంటి తగాదాలు చాలా చూశాను, అందుకే చెబుతున్నాను తల్లీ: ఆ డిపాజిట్లు ఇప్పుడే తీసుకోకు. నామినీవి నువ్వే కదా అని బ్యాంకువాళ్లు ఇచ్చినా, ఖర్చు పెట్టకుండా విడిగా ఉంచు.

ఎవరైనా తమ వాటా వరకే వీలునామా రాయగలరు. నీ సగం నీదే. కానీ 1925 నాటి భారత వారసత్వ చట్టం 180వ సెక్షన్‌లో ఒక మెలిక ఉంది. నీ ఆస్తిని వేరేవాళ్లకు రాసి, అదే వీలునామాలో నీకూ ఏదో ఇస్తే, నువ్వు రెండిట్లో ఒకటే కోరుకోవాలి. ఒప్పుకుంటే డిపాజిట్లు నీకు, నీ సగం ఇల్లు ఆ అబ్బాయికి. ఒప్పుకోకపోతే నీ సగం నిలుస్తుంది, డిపాజిట్లు పోతాయి. ఇల్లంతా తనదేననుకుని ఆయన పొరపాటున రాశారన్నా లాభం లేదు. ఏ అభ్యంతరమూ చెప్పకుండా రెండేళ్లు ఆ డబ్బు అనుభవిస్తే, అన్నీ తెలిసే ఒప్పుకున్నావని కోర్టు అనుకుంటుంది. కాదని నువ్వే రుజువు చేసుకోవాలి. ‘ఇంట్లో నా వాటా’ అని ఆయన రాసి ఉంటే ఈ చిక్కే ఉండేది కాదు. నీ సగమూ, డిపాజిట్లూ రెండూ నీకే ఉండేవి.

‘డబ్బంతా అన్నయ్యదే, వదిన పేరు ఊరికే వేశారు’ అని మీ మరిది అంటాడు, చూస్తూ ఉండు. ఎవరెంత పెట్టారో తేలకపోతే ఇద్దరివీ సమాన వాటాలనే చట్టం అనుకుంటుంది. అయినా నువ్వు కట్టిన ఈఎంఐల పాస్‌బుక్కులు, నగలు అమ్మిన రసీదులు వెతికి పెట్టుకో. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజు సర్టిఫైడ్ కాపీ, ఈసీ (ఇంటి మీద ఉన్న లావాదేవీలు, అప్పులు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) కూడా తీయించు.

ఆయన సగం మీద మాత్రం ఆశ పెట్టుకోకు. హిందూ భర్త తన సొంత ఆస్తిని ఎవరికైనా రాయొచ్చు, భార్యకు ఇంత ఇచ్చి తీరాలన్న నియమం లేదు. వీలునామా ద్వారా ఏమీ దక్కని భార్య, ఆస్తి తీసుకున్నవాళ్ల నుంచి మనోవర్తి (పోషణ ఖర్చు) అడగడానికి 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టంలో దారి ఉంది. నీ కేసుకి అది పనికొస్తుందేమో లాయరుని అడుగు.

నన్నడిగితే ఇల్లే నిలుపుకోమంటాను. ఈ వయసులో తల మీద సొంత కప్పు ఉండాలి. కాకపోతే మిగతా సగం ఆ అబ్బాయిది అవుతుంది, పంపకాల దావా పడితే ఏళ్లు పడుతుంది. ఇంటి విలువలో సగం ఎంతో, డిపాజిట్లు ఎంతో ముందు లెక్క వేసుకో. ఏది కోరుకున్నా ఆ మాట లాయరు చేత రిజిస్టర్డ్ నోటీసుగా పంపించు. ఈలోగా మరిది ఏ కాగితం తెచ్చినా సంతకం పెట్టకు. ఫీజు గురించి టెన్షన్ వద్దు. జిల్లా కోర్టులో ఉండే న్యాయ సేవాధికార సంస్థ ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లకు ఉచితంగా లాయరుని ఇస్తుంది. వచ్చే వారమే వెళ్లు.

ఇట్లు,
మీ మామయ్య