తాతయ్య పొలంలో మిషన్ తిప్పే ముందు

చిరంజీవి అమ్మడికి, మామయ్య ఆశీస్సులు.

పొద్దున్నే మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనకోడలు మెటల్ డిటెక్టర్ కొన్నదన్నయ్యా, సెలవులకొచ్చి నాన్న పొలమంతా తిప్పుతుందట, నువ్వైనా చెప్పు" అని. చెబుదామనుకుంటూనే నవ్వేశాను. మట్టిలోకి తొంగిచూసే పిచ్చి మన ఇంట్లో నాతోనే ఆగిపోతుందనుకున్నా. ఫోన్ పెట్టేశాక మాత్రం టెన్షన్ పట్టుకుంది.

పసుపు తవ్వేశాక, మొదటి వానకు నేల మెత్తబడ్డాక రా. చెప్పులతో కాదు, బూట్లతో దిగు. మిషన్ కొసనుండే గుండ్రటి తీగచుట్టను నేలకు ఆనీ ఆనకుండా నిదానంగా తిప్పు. ముందు ఖాళీ చోట నేలకు తగ్గట్టు మిషన్ సరిచేసుకో, లేకపోతే ఊరికే కూస్తుంది. బోరు మోటారు కేబుల్ ఎటు పోయిందో పాలేరుని అడగకుండా గునపం ముట్టుకోవద్దు. తీసిన గుంట తీసినట్టే పూడ్చు, గేదె కాలు పడితే మనదే తప్పు. కూసిందల్లా నిధి కాదు. సగం మాత్రల రేకులు, సగం నాగలి మేకులు.

ఇక నా సంగతి. దివిసీమ ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు, 1978 వేసవి. నాకు ఇరవై రెండు. తాతయ్య పసుపు అమ్మడానికి దుగ్గిరాల వెళ్ళాడు. ఊరి పడమటి పాటిదిబ్బ (ఎప్పుడో ఊరుండి పాడైన దిబ్బ) నుంచి బళ్ళమీద తోలిన మన్ను చేలో కుప్పలు పోసి ఉంటే పారతో చల్లుతున్నాను. ఠక్కుమంది. పిడికెడంత ముంత, పగిలిపోయింది. లోపల నల్లటి బిళ్ళలు, ఎండిన వడియాల్లా ఒకదానికొకటి అతుక్కుని. లెక్కపెడితే ముప్పై ఒకటి. వెండి అనుకున్నాను! తువ్వాల్లో మూటగట్టి గొడ్లచావిట్లో దాచాను.

రాత్రి లాంతరు పెట్టుకుని చింతపండూ ఇటుకపొడీ వేసి తోమాను. ఒకదానిమీద ఏనుగు కనబడింది, ఎత్తిన తొండంతో సహా. వెనకవైపు కూడిక గుర్తు, దాని నాలుగు కొసలకీ నాలుగు సున్నాలు. ఇంకా మెరవాలని మళ్ళీ తోమాను. మెత్తటి లోహం కదా, మూడోసారికి ఏనుగు పోయింది. అన్నిటికీ అదే గతి పట్టించాను. చివరికి అది వెండి కాదు, సీసం. కోపమొచ్చి ముప్పై బిళ్ళలు వలకు బరువులుగా కట్టుకోమని రేవులో ఒకాయనకిచ్చి, రెండు కొర్రమీనులు తెచ్చుకున్నాను. కూర బాగానే ఉంది, ఆ మాట దాచను.

వారం తిరక్కుండా ఊళ్ళో లంకెబిందెలన్నారు. రెండు రాత్రులు ఎవరో వచ్చి చేలో గుంతలు తవ్వి పోయారు. తాతయ్య నన్నొక్క మాటా అనలేదు. కట్టమీద కూచుని గుంతలకేసి చూస్తుండిపోయాడు. ఆయన తిట్టి ఉంటే మర్చిపోయేవాణ్ణేమో. అందుకే చెబుతున్నా, పొద్దుగూకాక పొలంలో ఉండకు. ఒంటరిగా వెళ్ళకు. దొరికింది దాచకు.

చాలా ఏళ్ళకు విజయవాడలో, బందరు రోడ్డు మీద ఇప్పుడు బాపు మ్యూజియం అంటున్నారే, అక్కడ అద్దాల వెనక అదే ఏనుగును చూశాను. శాతవాహనుల సీసపు నాణెం. మిగిలిన ముప్పై ఒకటోది జేబులోంచి తీసి, తెలిసినాయన ఒకరికి చూపించాను. "చదవడానికేం మిగల్లేదండీ. ఎక్కడ దొరికింది?" అన్నారు. మా చేలో, తోలిన పాటిమన్నులో అన్నాను. పాటిమన్నుతో వచ్చిందైతే మీ చేనిది కాదుగా, దిబ్బలో ఏ వైపు మన్ను అన్నారు. నోరు పెగల్లేదు. బొమ్మ పోయినా చోటు తెలిస్తే కొంత పనికొచ్చేదట. అమరావతిలో దీపాలదిన్నె, అదే పాత బౌద్ధ స్తూపం, రాళ్ళు ఇళ్ళకూ గోడలకూ మోసుకుపోయారని, 1797లో కంపెనీ సర్వేయరు మెకంజీ దొర వచ్చేసరికే చాలా పోయాయని చదివినప్పుడల్లా వాళ్ళని తిట్టుకునేవాణ్ణి. ఆ రోజు నుంచి మానేశాను.

కాబట్టి కూత వినగానే తవ్వకు. ముందు ఫోన్లో ఫొటో, లొకేషన్. ఏ మడి, గట్టుకు ఎన్ని అడుగులు, ఎంత లోతు, రాసుకో. పైకి వచ్చాక నీళ్ళు కూడా తగలనివ్వకు. కుండ మూతి కనబడితే చెయ్యి తీసెయ్. 1878 నాటి చట్టం ప్రకారం భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. (ఆనాటి పది రూపాయలు! ఇప్పుడు టీకి కూడా చాలవేమో.) చెప్పకపోతే జైలు కూడా ఉంది. అమ్మే ఆలోచనే వద్దు, పాత వస్తువులు అమ్మడానికి లైసెన్సు ఉండాలి. కలెక్టరాఫీసుకి నేనూ వస్తాలే, మోకాళ్ళు నొప్పులైనా.

ఆ అరిగిపోయిన బిళ్ళ తెచ్చిస్తాను. మన చేలోనే బెత్తెడు లోతున పాతిపెట్టి, దానిమీద మిషన్ తిప్పు. సీసం ఎలా కూస్తుందో ముందు నీ చెవికి పట్టుబడాలి.

మీ
మామయ్య