పంచిన బొమ్మ చెత్తడబ్బాలో కనిపిస్తే

ప్రశ్న: మాది విశాఖపట్నం, సీతమ్మధార. మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు, మూడో తరగతి. ఊహ తెలిసినప్పటి నుంచి బొమ్మలు వేస్తూనే ఉంది. పోయిన వేసవిలో మా అత్తగారిని ఆసుపత్రిలో చేర్చినప్పుడు, పక్క మంచం మీది పెద్దావిడ ఏడుస్తుంటే తను గీసిన పడవ బొమ్మ తీసుకెళ్ళి ఇచ్చింది. ఆవిడ దాన్ని దిండు కింద దాచుకుంది. ఇక అప్పటి నుంచి వాచ్‌మన్ తాతకు, స్కూలు ఆటో అంకుల్‌కు, భీమిలి వైపు నుంచి వచ్చి పూలమ్మే ఆమెకు, అందరికీ బొమ్మలే. కింద ‘నవ్వుతూ ఉండండి’ అని రాసి ఇచ్చేది. మావారు ముచ్చటపడి ఆ బొమ్మలతో ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పేజీ తెరిచారు. రోజుకో బొమ్మ వేస్తే ఆదివారం వంద రూపాయలు ఇస్తానన్నారు. ‘వాచ్‌మన్ అపార్టుమెంటు కన్నా ఎత్తుగా ఉంటాడా’ అని తప్పులు దిద్దేవారు కూడా. రెండు వారాల క్రితం పై అంతస్తు ఆంటీకి ఇచ్చిన బొమ్మ పొడి చెత్త డబ్బాలో నలిగి కనిపించింది. పాప చూసింది. ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి క్రేయాన్లు ముట్టుకోలేదు. ‘పోనీలే, ఇకనైనా చదువు మీద దృష్టి పెడుతుంది’ అంటున్నారు మా అత్తగారు. దాన్ని మళ్ళీ ఎలా ప్రోత్సహించాలి? డ్రాయింగ్ క్లాసులో చేర్పించమంటారా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపిన మాట ‘ఏమీ అనలేదు’ అన్నది. ఎనిమిదేళ్ళ పిల్ల అలిగితే ఇల్లంతా తెలుస్తుంది. ఏమీ అనకుండా క్రేయాన్ల డబ్బా మూసేసిందంటే లోపల చాలానే అనుకొని ఉంటుంది. నా బొమ్మ బాగాలేదనుకుందా, ఆంటీకి నేనంటే ఇష్టం లేదనుకుందా, అందరూ ఇలాగే పారేస్తున్నారేమో అనుకుందా? ఒక్కోదానికి ఒక్కో ఓదార్పు కావాలి. కాబట్టి ముందు అది తెలుసుకోండి. మళ్ళీ బొమ్మలు వేయించడం గురించి తర్వాత ఆలోచిద్దాం.

ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే పిల్లలు నోరు విప్పరు. జడ వేస్తున్నప్పుడో, ఇద్దరూ కలిసి చిక్కుడుకాయలు తుంచుతున్నప్పుడో, ఒకరి మొహం ఒకరు చూడనక్కర్లేని పనిలో ఉండగా కదపండి. ‘ఆ రోజు డబ్బాలో నీ బొమ్మ చూసి నాకూ మనసు చివుక్కుమంది’ అని చెప్పి ఊరుకోండి. తను ఏమన్నా అనకపోయినా వెంటనే సర్దిచెప్పబోకండి. ‘ఆంటీ చూసుకోలేదులే, పనామె పారేసి ఉంటుంది’ అని మాత్రం దయచేసి అల్లకండి. పిల్లలు అబద్ధాన్ని ఇట్టే పట్టేస్తారు. పైగా ఏ పాపం తెలియని పనామె మీద నేరం మోపినవాళ్ళమవుతాం. ఆ ఆంటీ ఇంటికి వెళ్ళి నిలదీయనూ వద్దు. ఇల్లు సర్దుకుంటూ పాత కాగితాలతో పాటు తీసేసి ఉండవచ్చు, లేదా బొమ్మలు దాచుకునే అలవాటు ఆవిడకు లేకపోవచ్చు. పాప మీద ఆవిడకు ప్రేమ లేదని దీనిబట్టి చెప్పలేం.

పాప మనసులో మాట బయటికి వచ్చాక, అప్పుడు మాత్రమే, ముగ్గు సంగతి గుర్తుచేయండి. ధనుర్మాసంలో తెల్లవారకముందే లేచి, చలిలో వంగి, చుక్కలు లెక్కపెట్టి మరీ ముగ్గు పెడతాం. తొక్కకుండా కాపలా కాయం. బియ్యప్పిండిని చీమలు ఎత్తుకుపోతాయి, పాలబ్బాయి బండి చక్రం మధ్యలోంచి పోతుంది, మర్నాడు కళ్ళాపి చల్లి కొత్తది పెడతాం. నిన్నటి ముగ్గు చెరిగిపోయిందని పెట్టడం మానేసిన ఇల్లు లేదు. ఇచ్చిన బొమ్మ కూడా పుచ్చుకున్నవాళ్ళదే. దిండు కింద పెట్టుకునే హక్కు ఆ పెద్దావిడకు ఎంత ఉందో, తీసేసే హక్కు ఆంటీకీ అంతే ఉంది. ఇది పిల్లలకు అర్థం కాని సంగతేమీ కాదు. కానీ ఏడుపు గొంతులో ఉండగానే చెబితే అది మందలింపులా వినిపిస్తుంది, అందుకే తర్వాత అంటున్నాను.

ఇక వంద రూపాయల సంగతి. మీ వారు ప్రేమతోనే ఇచ్చారు, ఆ విషయంలో నాకు సందేహం లేదు. అయినా అది వెంటనే మానేయమని గట్టిగా చెబుతున్నాను. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలోని ఒక నర్సరీ బడిలో చేసిన పరిశోధన ఫలితాలు ప్రచురించారు. ఎవరూ చెప్పకుండానే స్కెచ్ పెన్నులు పట్టుకునే మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలను తీసుకున్నారు. కొందరికి ‘బొమ్మ వేస్తే మీ పేరుతో ప్రశంసాపత్రం ఇస్తాం’ అని ముందే ఆశ పెట్టారు. కొందరికి ముందుగా ఏమీ చెప్పకుండా, వేశాక ఇచ్చారు. ఇంకొందరికి అసలు ఏమీ ఇవ్వలేదు. కొద్ది రోజులకు ఆ పెన్నులనే మళ్ళీ తరగతిలో ఉంచి, ఆటల సమయంలో గమనించారు. ముందే ఆశ పెట్టిన పిల్లలు మిగతావాళ్ళతో పోలిస్తే దాదాపు సగం సేపే బొమ్మలు వేశారు. ఇష్టంగా చేసే పనికి కూలి కడితే అది కూలి పనే అవుతుంది. మీ పాప ఆసుపత్రిలో పడవ బొమ్మ ఇచ్చిన రోజున ఆదివారం వంద వస్తుందని ఎవరూ చెప్పలేదు కదా!

ఇవ్వడంలో ఉన్న ఆనందాన్ని మనం నేర్పనక్కర్లేదు కూడా. రెండేళ్ళు నిండని పసివాళ్ళు తమ గిన్నెలోని బిస్కెట్లలోంచి ఒకటి తీసి చేతిబొమ్మకు పెట్టినప్పుడు, తాము అందుకున్నప్పటి కంటే ఎక్కువ సంతోషంగా కనిపించారని కెనడా పరిశోధకులు 2012లో ప్రచురించారు. అది పిల్లల్లో ఉన్నదే. మనం చేయగలిగిందల్లా దానికి అడ్డు రాకపోవడం.

పేజీ విషయంలోనూ నాది ఇదే మాట. ఇన్‌స్టాగ్రామ్ సొంత నిబంధనల ప్రకారమే ఖాతాకు పదమూడేళ్ళు నిండాలి. పెద్దలు నడిపినా సరే, బొమ్మతో పాటు పాప మొహం, యూనిఫాం, అపార్టుమెంటు పేరు ఊరికీ నాడుకూ తెలియడం మంచిది కాదు. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. వాచ్‌మన్ తాత కోసం వేసిన బొమ్మను ఇప్పుడు ముక్కూ మొహం తెలియని వందమంది చూసి మార్కులు వేస్తున్నారు. ‘ఈ బొమ్మ ఎవరికి?’ అన్న ప్రశ్న పోయి ‘ఎన్ని లైకులు?’ అన్నది ఇంట్లోకి వచ్చింది. కొన్నాళ్ళు ఆపేయమనండి. మళ్ళీ మొదలుపెట్టాలంటే ఒక్కో బొమ్మకూ పాపను అడిగి, వద్దంటే మానేయాలి.

మీ వారికి ఇంకో పని ఉంది. ఆదివారం పొద్దున్నే పాపను ఆర్కే బీచ్‌కు తీసుకెళ్ళమనండి. ఇద్దరికీ చెరో పుస్తకం, చెరో పెన్సిలు. దూరంగా హార్బరులోకి పిలుపు కోసం లంగరేసుకుని నిలబడిన ఓడలు, డాల్ఫిన్స్ నోస్ కొండ, ఒడ్డున కురుసుర జలాంతర్గామి, గీయడానికి ఏం తక్కువ? ఆయన కూడా గీయాలి. తనకు రాదంటే మరీ మంచిది. కష్టపడుతున్న నాన్నను చూస్తే పాపకు తన బొమ్మ మీద నమ్మకం దానంతటదే వస్తుంది.

వాచ్‌మన్ అపార్టుమెంటు కన్నా ఎత్తుగా ఉన్న బొమ్మ గురించి రాశారు. అది చదివి నాకు ఎంత సంతోషం కలిగిందో! పిల్లల బొమ్మలను జీవితకాలం పరిశీలించిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ ఈ వయసు గురించే చెప్పాడు. ఏడు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలు మనుషులను, వస్తువులను కొలతను బట్టి కాకుండా తమ దృష్టిలో వాటికున్న ప్రాముఖ్యాన్ని బట్టి పెద్దగా, చిన్నగా వేస్తారు. మీ పాప కళ్ళకు గేటు దగ్గర తాత ఐదంతస్తుల భవనం కన్నా పెద్దవాడు. దాన్ని దిద్దడమంటే ఆ గౌరవాన్ని చెరపడమే. తొమ్మిది, పదేళ్ళు దాటాక తనే ‘సరిగ్గా రావడం లేదు’ అని గింజుకుంటుంది. ఎలా గీయాలో నేర్పమని అడిగే రోజు అప్పుడొస్తుంది. అంతవరకూ ‘చాలా బాగుంది’ అని కూడా ప్రతిసారీ అనకండి. ‘ఈ తాత చేతిలో ఏముంది?’ అని అడగండి. టార్చిలైటనో, అరటిపండనో చెబుతుంది. ఆ చెప్పడంలో బొమ్మ ఇంకా పెరుగుతుంది.

పాప మళ్ళీ పంచాలనుకున్న రోజున ఒక్క చిన్న మార్పు నేర్పండి. బొమ్మ వేసే ముందు ఆ మనిషిని ఒక మాట అడగాలి. ‘తాతా, మీ ఊళ్ళో మీకు ఏమిష్టం?’ చింతచెట్టు అంటే చింతచెట్టు, తెల్లావు అంటే తెల్లావు. అందరికీ ఒకేలా ‘నవ్వుతూ ఉండండి’ అని రాసేకన్నా ఇది లోతైన పని. ఆసుపత్రిలో ఏడుస్తున్నవాళ్ళకు ఆ మాట బరువుగా కూడా ఉంటుంది. ‘మీ కోసం వేశాను’ అంటే చాలు. ఇచ్చేటప్పుడు ‘ఉంచుకుంటారా?’ అని అడగడం అలవాటైతే, వద్దన్నవాళ్ళ దగ్గర చిన్నబుచ్చుకోకుండా వెనక్కి తెచ్చుకుంటుంది. ఒంటరిగా ఎవరి ఫ్లాట్‌లోకీ వెళ్ళకూడదు, కాగితం మీద బడి పేరు, ఫోను నంబరు రాయకూడదు. ఆసుపత్రిలో పంచాలంటే వార్డులోని సిస్టర్‌ను ముందు మీరు అడగాలి.

చదువు గురించి మీ అత్తగారి భయాన్ని తీసిపారేయకండి, కానీ మూడో తరగతి పిల్లకు రోజూ అరగంట బొమ్మల వల్ల పోయే చదువేమీ లేదు. ఆవిడనే మీ పక్షాన చేర్చుకోండి. ఆసుపత్రి మంచం మీద ఉండి ఆ పడవ బొమ్మను చూసిన మనిషి ఆవిడ. పక్కావిడ దాన్ని ఎలా అందుకుందో, ఏమందో పాపకు చెప్పమనండి. మీరు చెప్పేదానికన్నా అది పాపలోకి ఎక్కువగా దిగుతుంది.

క్లాసు ఇప్పుడు వద్దు. గాయం మానకముందే మరొకరు దిద్దే చోటికి పంపినట్టవుతుంది. దానికి బదులు సెలవుల్లో ఒకసారి లక్క బొమ్మలు చేసే ఊరు ఏటికొప్పాకకు తీసుకెళ్ళండి. విశాఖకు ఇంచుమించు 65 కిలోమీటర్లు, వరాహ నది ఒడ్డున. అంకుడు కర్ర లేత్ మీద గిర్రున తిరుగుతుంటే రంగు లక్కకడ్డీ ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కొయ్యను పట్టుకుంటుంది. ఆ రంగులు కూడా గింజలు, బెరళ్ళు, వేళ్ళ నుంచి తీసినవి. చూసి, రంగు అంటిన కొయ్యముక్క ఒకటి అడిగి తెచ్చుకుంటే చాలు. వెనక్కి వచ్చాక ‘ఇప్పుడు బొమ్మ వెయ్యి’ అనొద్దు. తెల్ల కాగితాలు, ఒకవైపు ముద్రించిన పాత కాగితాలు, క్రేయాన్లు తనకు అందే అలమారలో ఉంచి మీ పని మీరు చేసుకోండి.

రెండు వారాల మౌనం చూసి నేను భయపడను. బొమ్మలతో పాటు ఆటలు, తిండి, నిద్ర, స్నేహితులు కూడా తగ్గిపోయి, బడికి వెళ్ళనని మొరాయిస్తే మాత్రం ఆలస్యం చేయకండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ‘టెలి మానస్’ సహాయ నంబరు 14416కు ఫోను చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు. వాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలోనూ చూపించుకోవచ్చు. అంతదాకా రాదనే నా నమ్మకం. ఈ వారం జడ వేసే పూట ఆ మొదటి మాట కదపండి, పాప ఏమందో నాకు రాయండి.